చిన్నమ్మాయి మెడ

జులై 9, మంగళవారం

పొద్దున్నే ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే ఉదయభాస్కర్ వచ్చాడు. నడుము పట్టిందేమో అనుకున్నాను. కాదట, మెడట. ఈ మధ్య వచ్చేవాళ్ళందరికీ మెడే. మా రోజుల్లో మెడ పట్టిందంటే దిండు ఎత్తులో తేడా వచ్చిందని అర్థం. దిండు ఎండలో వేస్తే పోయేది. ఇప్పుడు ఎండలో వేయాల్సింది మనుషుల్ని.

"మామ్మగారూ, మీరు ఎదురుకాళ్ళతో పుట్టేరంట కదండీ. మీ ఎడంకాలు మూడుసార్లు తగిలిస్తే ఎంత పట్టైనా వదిలేద్దని మా ఆఫీసులో చెప్పేరు" అన్నాడు.

"ఆయ్, నడుముకైతే వదులుద్ది బాబూ. మెడ సంగతి చూద్దాం. పడుకో."

అరుగు మీద చాప వేశాను. బోర్లా పడుకున్నాడు. గోడ పట్టుకుని కాలెత్తి రెండు భుజాల మధ్య, కాస్త పైన ఆనించాను. చెమట, జిడ్డు. మనిషన్నాక ఉంటుంది, పోనీలే అనుకున్నాను. రెండోసారి ఆనించేసరికి కింద నుంచి ఎవరో పకపకా నవ్విన చప్పుడు. వంగి చూద్దును కదా, చాప అంచున ఫోను పెట్టుకుని చూస్తున్నాడు! నా కాలు అతని మెడ మీద ఉంది, అతని కళ్ళు ఫోనులో ఉన్నాయి. అందులో ఎవడో కోతిలా గెంతుతున్నాడు.

"ఏంటి బాబూ అది?"

"ఏం లేదండి, మీరు కానివ్వండి."

ఛీ. మూడోసారి కాలు తగిలించకుండానే అయిపోయింది లెమ్మన్నాను. అతనికి తేడా కూడా తెలియలేదు. "చాలా తేలిగ్గా ఉందండి" అన్నాడు. గుమ్మం దాటకుండానే మెడ మళ్ళీ కిందికి వాలిపోయింది. కాలు రెండుసార్లు కడుక్కున్నాను.

జులై 10, బుధవారం

మా ఇంట్లో వాళ్ళు అన్నం తినడం చూస్తే నాకు తినబుద్ధి కాదు. నా కొడుకు సత్తియ్య పులుసు గిన్నెకి ఫోను ఆనించి పెట్టుకుంటాడు. ముల్లు తీయడానికి వేళ్ళు నోట్లోకి వెళ్తాయి, కళ్ళు ఫోనులోనే ఉంటాయి. ఈరోజు ముల్లు ఫోను మీదే ఊశాడు. లుంగీతో ఫోను తుడిచాడు. ఆ లుంగీతోనే మూతి తుడుచుకున్నాడు. వీణ్ణి నేనే కన్నానా అనిపించింది. మనవరాలు నాగదుర్గ డిగ్రీ చదువుతోంది. దానికి ఎడం చేతి బొటనవేలు ఒక్కటే బతికి ఉన్నట్టు, మిగతా పిల్లంతా నిద్రపోతున్నట్టు ఉంటుంది. మజ్జిగలో వేయాల్సిన ఉప్పు మంచినీళ్ళ గ్లాసులో వేసుకుని తాగాక గాని తలెత్తలేదు.

కోడలు చిన్నమ్మాయి సంగతి ఇంకా రోత. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బజారులో చేపలు కోస్తుంది. నేను కూర్చున్న చోటే, నా కత్తిపీటే. ఇంటికొచ్చి చేతులు రుద్ది రుద్ది కడుగుతుంది. ఫోను మాత్రం కడగదు. దాని అట్ట మీద పొలుసులు అతుక్కుని ఎండిపోయాయి. అదే చెవికి, అదే బుగ్గకి. గోడకి ఆనుకుని గడ్డం గుండెకి ఆనించి, ఒళ్ళో ఫోను పెట్టుకుని పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంటుంది. మెడ వెనక ఎముక ఒకటి ఉబికి బయటికి కనిపిస్తోంది. తోలు తీసిన కొరమీను వెన్నులా ఉంది. చూడలేను, చూడకుండా ఉండలేను.

"మెడ ఎత్తవే" అన్నాను.

"చేపల ఆర్డర్లు చూస్తున్నానండి అత్తయ్యా."

"ఆర్డరు చెప్పేవాడు నీ ఒళ్ళో కూర్చున్నాడేంటే?"

నాగదుర్గ నవ్వింది. అదీ తలెత్తకుండానే.

నా వయసంతా ఆ కత్తిపీట మీదే గడిచింది. ఒక్కనాడు నాకు మెడ నొప్పి రాలేదు.

శుక్రవారం

ఇంటి నిండా చిన్నమ్మాయి మెడకి రాసుకునే బాము వాసన. కిందేమో చేపల వాసన, పైనేమో బాము వాసన. దిండు గలీబు పచ్చగా అయిపోయింది.

శనివారం

నొప్పి ఎక్కడుందని చిన్నమ్మాయిని అడిగాను. మెడ నుంచి భుజానికి, భుజం నుంచి మోచేతికి దిగుతోంది అంది. మోచేతికెందుకు దిగాలి? అప్పటి నుంచి నాకు అదే ఆలోచన. మా మేనమామకి మొదట చెయ్యే తిమ్మిరెక్కింది, తర్వాత మూతి వంకర పోయింది. చిన్నమ్మాయి మూతి చూశాను. బాగానే ఉంది. కాసేపాగి మళ్ళీ చూశాను.

"ఏంటండి అత్తయ్యా, నా మొహాన ఏమైనా ఉందా?" అంది.

జులై 17, తొలి ఏకాదశి

ఈరోజు చేప ముట్టేవాళ్ళు ఉండరు. చిన్నమ్మాయి బజారుకి వెళ్ళలేదు. సెలవు దొరికింది కదా, మెడకి కాస్త సుఖంగా ఉంటుందనుకున్నాను. పొద్దుటి నుంచి ఫోనే. పేలపిండి చేసి చేతిలో పెడితే, చూడకుండానే నోట్లో వేసుకుంది. సగం నోట్లో పడింది, సగం ఫోను మీద పడింది. ఫూ అని ఊదింది. పిండి అంతా నా మొహాన పడింది.

కడుక్కుని వచ్చి అడిగాను. "నా కాలు పనిచేసేది ఆది, మంగళవారాల్లోనే కదా. ఆదివారం నీ మెడకి తగిలిస్తాను, పడుకో."

"వద్దండి."

"ఏం?"

"నడుముకైతే సరేనండి. మెడంటే నాకు భయం."

"ఆఫీసులో పనిచేసేవాడే వచ్చి పడుకున్నాడు. నీకేంటి?"

"ఆయన మీ కోడలు కాదు కదండీ" అంది.

ఈ మాటకి అర్థమేంటో ఎంత ఆలోచించినా తెలియలేదు. తెలిసింది. తెలియనట్టే ఉన్నాను. ఊరందరికీ పనికొచ్చిన కాలు నా ఇంట్లోవాళ్ళకి పనికిరాదు.

జులై 21, ఆదివారం

అన్నం పట్టుకుని బజారుకి వెళ్ళాను. గోదావరికి వరద ఎర్రనీరు వచ్చింది కాబట్టి రాజమండ్రి నుంచి కార్లలో వచ్చి పులస కోసం నిలబడ్డారు. ఒక పెద్దాయన పులస కొని, "నువ్వే కోయాలమ్మా" అని చిన్నమ్మాయి చేతికిచ్చాడు. ఆ చేపని కోయడం అందరికీ రాదు. నేనే నేర్పాను దానికి. నేను చూస్తుండగానే దాని కుడిచేతిలోంచి జారిపోయింది. బూడిద రాసుకున్న చేతిలోంచి చేప జారడం నేనెప్పుడూ చూడలేదు. మురికినీళ్ళలో, జనం పారేసిన మొప్పల మధ్య పడింది.

చుట్టూ ఉన్నవాళ్ళంతా చేతులెత్తారు. చేపని తీయడానికి కాదు, ఫోనులో ఫొటో తీసుకోవడానికి. థూ.

"ఏమ్మా, చేపనుకున్నావా, చీపురుపుల్లనుకున్నావా?" అన్నాడు పెద్దాయన.

"చెయ్యి తిమ్మిరెక్కిందండి. కడిగి శుభ్రంగా కోసిస్తానండి."

ఆయన వినలేదు. చేపని పక్క కత్తిపీట దగ్గరికి పట్టుకెళ్ళాడు. చిన్నమ్మాయి కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని నొక్కుకుంటూ కూర్చుంది. అప్పుడైనా ఏడిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. వెంటనే ఫోను తీసి చూసుకుంది.

జులై 22, సోమవారం

గోదావరి పెరిగింది. ఆనకట్ట దగ్గర హెచ్చరిక పెట్టారట. పడవలన్నీ కట్టేశారు. వేట లేక సత్తియ్య ఇంట్లోనే ఉన్నాడు, ఫోను చూసుకుంటూ. వరద తగ్గేదాకా బజారుకి చెరువు చేపే దిక్కు, ఈ ఇంటికి చిన్నమ్మాయి చెయ్యే దిక్కు. ఆ చెయ్యి పోతే ఏమవుతుంది? సత్తియ్యకి ఈ ఆలోచన ఉందా అంటే లేదు. ఆలోచించేదాన్ని నేనొక్కదాన్నే.

చిన్నమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు దాని ఫోను తీసి బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. ఇది దొంగతనం కాదు, వైద్యం.

మంగళవారం

ఇల్లంతా వెతికారు. నేనూ వెతికాను.

ఫోను లేదు. నొప్పి ఉంది. ఇన్నాళ్ళ ఫోను నొప్పి కదా, ఒక్కరోజులో పోతుందా.

బుధవారం

ఫోను లేదు. నొప్పి ఇంకా ఎక్కువైంది. లోపల ఉన్నదంతా బయటికి వచ్చేస్తోందన్నమాట.

మధ్యాహ్నం బియ్యం మోగింది.

బజారులో తడిచేతులతో ఎత్తలేనని చిన్నమ్మాయి తన ఫోను మోగకుండా పెట్టుకుంటుంది. ఆ ధైర్యంతోనే పెట్టాను. నాగదుర్గ తన ఫోనులో ఏదో నొక్కిందట, పోయిన ఫోను ఎక్కడున్నా అరుస్తుందట. అరిచింది. అందరూ వంటింట్లోకి వచ్చారు. నేను తోటకూర ఏరుతూ కూర్చున్నాను.

"నానమ్మా, బియ్యానికి ఎవరో ఫోన్ చేస్తున్నారు, ఎత్తు" అంది నాగదుర్గ.

చిన్నమ్మాయి అరవలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి తీసింది, తవుడు ఊదింది, చూసుకుంది. "ఆర్డర్లన్నీ పోయాయండి అత్తయ్యా. చెరువు చేప తెప్పిస్తానని మాటిచ్చాను. జవాబు లేదని అందరూ వేరేవాళ్ళ దగ్గర తీసేసుకున్నారు."

"నీ మెడ కోసమేనే."

"తగ్గిందాండి మరి?"

నేను తోటకూరలో పుచ్చాకు వెతుక్కున్నాను.

"తగ్గలేదు కదండీ" అని, వంగి మళ్ళీ ఫోను చూసుకుంది.

శుక్రవారం

నేను ఇది రాసుకుంటుంటే నాగదుర్గ పక్క నుంచి ఫొటో తీసింది. చూపించింది. ముసలి కొంగ ఒకటి వంగి బురదలో ఏదో ఏరుకుంటున్నట్టుంది. మెడ దగ్గర ముడతలు, ముక్కు పుస్తకానికి తగులుతోంది. ఇంత అసహ్యంగా ఉంటానని నాకు తెలియదు.

"నీ చేతిలో పుస్తకం తీసేసి ఫోను పెడితే అచ్చం మా అమ్మే" అంది.

"పుస్తకం వేరు."

"మెడకేం తెలుసు నానమ్మా అది పుస్తకమని?"

పిల్లలకి నోళ్ళు పెరిగిపోయాయి. ఆ ఫొటో తీసేయమన్నాను. తీసేసిందో లేదో.

జులై 28, ఆదివారం

చిన్నమ్మాయి తనంతట తానే వచ్చింది. "ఆదివారం కదండీ. మీ కాలు తగిలించండి. చెయ్యంతా మంటగా ఉంది. రేపు కోయలేనేమోనని భయంగా ఉందండి" అంది.

చూశావా! ఇంతకాలం ఎక్కడికి పోయింది ఆ భయం! నా కాలు శుభ్రంగా కడుక్కుని, పసుపు రాసుకుని వచ్చాను. చాప వేసి పడుకోబెట్టాను. జుట్టు పక్కకి తీసుకుంది. బాము జిడ్డు కాలికి తగిలి ఒళ్ళు జలదరించింది. ఒకటి. రెండు. మూడోసారి కాస్త బరువు వేశాను. నడుముకి వేసేంత కాదు. నా కోడలని, ప్రేమకొద్దీ వేశాను.

టక్ మంది.

"పట్టు వదిలింది" అన్నాను.

అది చాలాసేపు లేవలేదు. తర్వాత లేచి, "మంట తగ్గినట్టే ఉందండి" అంది. నాకు ఎంత సంతోషం వేసిందో. సత్తియ్యని పిలిచి చెప్పాను. నాగదుర్గకి చెప్పాను. "నీ కాలికి లైసెన్సు ఉందా నానమ్మా?" అంది. అననీ. ఈ పూట కడుపునిండా తిన్నాను.

జులై 29, సోమవారం

చిన్నమ్మాయి చెయ్యి పైకి లేవడం లేదు.

మంగళవారం

కత్తిపీట దగ్గరికి వెళ్ళలేదు. గ్లాసు పట్టుకుంటే జారుతోంది. దువ్వెన తల దాకా రావడం లేదు. "జడ వేయండి అత్తయ్యా" అంది. పెళ్ళై ఇంటికొచ్చిన కొత్తలో వేశానేమో, మళ్ళీ ఇప్పుడే. జుట్టు ఎత్తితే మెడ కనిపించింది. నా మడమ అచ్చు కనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ లేదు. బాము జిడ్డు, చిన్న పులిపిరి, అంతే.

ఇద్దరు మనుషులు నడుముకని వచ్చారు. నా కాలు బాగోలేదని పంపేశాను.

సత్తియ్య "నువ్వు తొక్కాకే ఇలా అయింది" అన్నాడు. నేను తొక్కలేదు, తగిలించాను. తొక్కడం వేరు.

ఆగస్టు 1, గురువారం

రాజమండ్రి వెళ్ళాం, నేనూ చిన్నమ్మాయీ నాగదుర్గా. మెడలూ నడుములూ చూసే డాక్టరమ్మ. ఆశాజ్యోతి గారని పేరు. బయట బెంచీల నిండా మెడలే. అందరూ మెడకి వైద్యం కోసం వచ్చారు, అందరూ మెడలు వంచి ఫోనులే చూస్తున్నారు. ఒకాయనకి మెడ చుట్టూ పట్టీ వేశారు, తల వంగదు. అందుకని ఫోనునే మొహం ముందుకి ఎత్తి పట్టుకున్నాడు, హారతి పట్టినట్టు. ఒకావిడ ఫోను మీద తుమ్మి, పమిటతో తుడిచి, మళ్ళీ చూసుకుంది. నాగదుర్గ మెడ కూడా చూశాను. దానికీ ఆ ఎముక వస్తుందా? వస్తోందేమో.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ చెయ్యి ఎత్తించింది, పట్టు చూసింది, సూదిలాంటిదానితో గుచ్చి తెలుస్తోందా అంది. "ఏం పని చేస్తారు?" అంది.

"ఫోనేనండి. ఎప్పుడూ ఫోనే" అన్నాను, చిన్నమ్మాయి నోరు తెరిచేలోపు.

"మిమ్మల్ని కాదు మామ్మగారూ."

"చేపలు కోస్తానండి" అంది చిన్నమ్మాయి.

తర్వాత అడిగింది. "మెడ ఎవరైనా విరిచారా? నొక్కడం, తొక్కడం లాంటివి చేయించారా? చేయిస్తే చెప్పేయండి. నేనేమీ అనను."

చిన్నమ్మాయి నా వంక చూడలేదు. "లేదండి" అంది.

ఎక్స్‌రే తీశారు. మాత్రలిచ్చారు. మెడకి పట్టీ ఇచ్చారు. వచ్చే గురువారం రమ్మన్నారు. బరువు కట్టి మెడ లాగుతారట.

నన్ను అడగలేదు. దాన్ని అడిగింది, అది చెప్పింది. డాక్టర్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు.

ఆగస్టు 3, శనివారం

లాగడం అంటే ఎలా లాగుతారు? నాకు రొయ్య తల లాగడం తప్ప వేరే లాగడం తెలియదు. పొద్దుటి నుంచి అదే కళ్ళ ముందు ఆడుతోంది. చివరికి నాగదుర్గని ఫోనులో చూపించమన్నాను. చూపించింది. బల్ల మీద మనిషి, గడ్డానికి పట్టీ, తాడు, బరువు. మళ్ళీ చూపించమన్నాను. మళ్ళీ.

"నానమ్మా, మెడ" అంది. నా గడ్డం గుండెకి ఆనుకుని ఉంది. ఫోను విసిరేయబోయాను.

అందులో మాట్లాడే డాక్టరు ఒక మాట అన్నాడు. ముందే దెబ్బ తగిలిన మెడని ఇలా లాగకూడదట.

దెబ్బంటే కర్రతో కొడితే దెబ్బ. కాలు తగిలించడం దెబ్బ కాదు.

ఆదివారం

దెబ్బ కాదు.

సోమవారం

చిన్నమ్మాయిని అడిగాను. "ఆవిడకి చెప్పకపోతే ఏమైనా అవుతుందా?"

"ఏం చెప్పాలండి?"

"అదే."

"ఏమీ అవదులెండి" అంది. ఎడమచేత్తో అన్నం తింటోంది. మెతుకులన్నీ ఒళ్ళో పడుతున్నాయి. అలవాటు లేని చెయ్యి, చిన్నపిల్ల తిన్నట్టు తింటోంది. మెడకి పట్టీ ఉండటం వల్ల కిందికి చూడలేకపోతోంది. ఏం పడుతోందో దానికి తెలియదు. నేను ఏరాను.

ఆగస్టు 8, గురువారం

బల్ల మీద పడుకోబెట్టారు. గడ్డం కింద ఒక పట్టీ, తల వెనక ఒక పట్టీ, పైన చక్రం మీద నుంచి తాడు. ఫోనులో చూసినట్టే ఉంది. డాక్టరమ్మ తాడుకి బరువు తగిలించబోతోంది.

"ఆగండమ్మా" అన్నాను.

"మీరు బయట కూర్చోండి మామ్మగారూ."

"తొక్కేనండి. నేనే. కాల్తో."

చిన్నమ్మాయి "అత్తయ్యా!" అంది. గడ్డం కట్టేసి ఉండటం వల్ల మాట నలిగి వచ్చింది.

డాక్టరమ్మ బరువు కింద పెట్టేసింది. "ఎప్పుడు?"

"ఇక్కడికొచ్చే ముందు ఆదివారమండి. ఎదురుకాళ్ళతో పుట్టేనండి నేను. అందరికీ తగ్గుద్దండి."

"వేళ్ళతోనా, మడమతోనా?"

"మడమేనండి."

"చప్పుడొచ్చిందా?"

"టక్ మందండి. పట్టు వదిలిందనుకున్నాను."

ఆవిడ నన్ను తిట్టలేదు. ఒక చూపు చూసింది. కుళ్ళిన చేప మొప్ప ఎత్తి చూసినప్పుడు నేను పెట్టే మొహం అది. ఆ మొహం ఎదుటివాళ్ళకి ఎలా ఉంటుందో ఈరోజు తెలిసింది.

పట్టీలు విప్పేసి స్కానింగుకి పంపించారు. ఆ గుహలాంటిదానిలోకి చిన్నమ్మాయిని తోస్తుంటే నేను బయట గోడకి తల ఆనించుకుని నిలబడ్డాను. కాగితాలు వచ్చాక డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. మెడలో ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ ఒకటి బయటికి వచ్చి చేతి నరాన్ని నొక్కుతోందట. వాపు ఉందట. ఇప్పుడు లాగకూడదట.

"లాగి ఉంటే ఏమయ్యేదండి?" అన్నాను.

"తెలియదు. ఇప్పుడు ఆ సంగతి వదిలేయండి."

"చెయ్యి వస్తుందాండి?"

"చాలామందికి వస్తుంది. ఈవిడకి వస్తుందని నేను మాటివ్వలేను. మెడ వంచే పని రెండు నెలలు వద్దు. కత్తిపీట వద్దు. ఫోను ఒళ్ళో పెట్టుకుని చూడటం వద్దు."

ఆ మాట కోసమే నేను చూస్తున్నాను. "ఫోను వల్లే కదండీ ఇదంతా?"

"ఫోను ఒక్కటే అని చెప్పలేను మామ్మగారూ. అయ్యుండొచ్చు. పొద్దంతా చేప మీదకి వంగి, ఇంటికొచ్చి ఫోను మీదకి వంగింది. ఎందులో ఎంతుందో ఎవరూ తూచి చెప్పలేరు. కాలు సంగతి మాత్రం నాకు తెలుసు."

బస్సులో చిన్నమ్మాయి కిటికీ వైపు కూర్చుంది. ధవళేశ్వరం దగ్గరపడ్డాక అంది, "ఎందుకు చెప్పేరండి? బయటివాళ్ళ ముందు మా అత్తగారు నా మెడ మీద కాలేసిందని ఎవరైనా చెప్పుకుంటారా? నేను దాస్తే మీరే బయట పెట్టుకున్నారు."

"లాగేస్తుందేమోనని భయమేసింది" అన్నాను.

"మీకు భయం ఎప్పుడు లేదండి?" అంది. నవ్విందేమో, పట్టీ వల్ల సరిగా తెలియలేదు.

నా ఎడమకాలు చూసుకున్నాను. గోరు పుచ్చిపోయి, మడమ పగిలి, పగుళ్ళలో మట్టి. దీన్ని పట్టుకుని ఇన్నేళ్ళూ ఎంత మురిసిపోయాను.

ఆగస్టు 12, సోమవారం

వరద తీసింది గాని సత్తియ్య పడవకి మరమ్మతు ఉందట. బజారులో చోటు ఖాళీగా ఉంటే వేరేవాళ్ళు కూర్చుంటారు. కత్తిపీట పట్టుకుని నేనే వెళ్ళాను.

చెయ్యి మర్చిపోలేదు. పొలుసు తీశాను, మొప్పలు పీకాను, ముక్కలు కొట్టాను. కొనేవాళ్ళు ఫోనులు చూసుకుంటూ నిలబడ్డారు. ఒకమ్మాయి నా చేతులు ఫొటో తీసుకుంది. "నీకేం రోగమే, చేప పట్టుకెళ్ళు" అన్నాను.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి మెడ వెనక మొదలైంది. బరువుగా, ఎవరో చెయ్యి వేసి అదిమినట్టు. తల ఎత్తితే కళ్ళు తిరిగాయి. ఈ బరువు నాకు కొత్తది కాదు. చిన్నప్పటి నుంచి ఎరుగుదును. రోజూ ఈ వేళకి వచ్చేది. ఇంటికెళ్ళి తడిగుడ్డ వేసుకుని వెల్లకిలా పడుకునేదాన్ని. దానికి నేనెప్పుడూ నొప్పి అని పేరు పెట్టలేదు. పని అయిపోయింది అనుకునేదాన్ని, అంతే.

ఒక్కనాడు నాకు రాలేదని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

బుధవారం

కత్తిపీట కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకున్నాను. పక్క కత్తిపీట ఆవిడ "ఏంటి వీరవేణమ్మా, సింహాసనం ఎక్కేవా?" అంది. ఎక్కాను. కాస్త నయం. కాస్తే.

చిన్నమ్మాయి ఆర్డర్లు చూడటం మానలేదు. పట్టీ ఉంది కాబట్టి తలుపు గడియకి ఫోను వేలాడదీసి, నిలబడి చూస్తోంది. పొలుసులు ఇంకా అలాగే ఉన్నాయి. నేనే గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచాను. ఎంత కంపు!

ఆగస్టు 22

చిన్నమ్మాయి గ్లాసు పట్టుకుంది. నీళ్ళు సగం ఒలికాయి.

వారం తర్వాత

నిన్న పట్టుకున్న గ్లాసు ఈరోజు పట్టుకోలేకపోయింది. ఏ రోజుకి ఎలా ఉంటుందో తెలియదు. డాక్టరమ్మని ఫోనులో అడిగింది నాగదుర్గ, ఓపిక పట్టమందట. ఓపిక ఎంత పట్టాలో చెప్పలేదు. రోజూ పొద్దున్నే బజారుకి వెళ్ళే ముందు దానికి జడ వేస్తున్నాను. అది గోడకేసి కూర్చుంటుంది. జుట్టు రాలుతోంది, నూనె కంపు, పేలు లేవు గాని చుండ్రు ఉంది. ఏదో ఒకటి సణుగుతూనే వేస్తాను. జుట్టు ఎత్తేటప్పుడు మాత్రం మెడకి నా వేళ్ళు తగలకుండా చూసుకుంటాను.

సెప్టెంబరు 3, మంగళవారం

దువ్వెన పట్టుకుని వెళ్ళాను. చిన్నమ్మాయి అప్పటికే తనే జడ వేసేసుకుని, పొయ్యి దగ్గర నిలబడి టీ కాస్తోంది.

పాపిడి వంకర. పైన వదులు, కింద బిగుతు. ఒక పాయ అసలు జడలోకి రాలేదు, చెవి పక్కన వేలాడుతోంది. రబ్బరు సరిగ్గా పడక చివరంతా ఎలకతోకలా విచ్చుకుపోయింది. అంత అసహ్యమైన జడ నా జన్మలో చూడలేదు.

"ఎలా ఉందండి అత్తయ్యా?" అంది.

"రోతగా ఉంది" అన్నాను.

నేను విప్పలేదు.